ఆ పూస ఎప్పటిది?

నర్సీపట్నంలో ఒక పెద్దాయన ఇంటి వసారాలో, నులకమంచం మీద పాత దుప్పటి పరిచి రైఫిల్ పెట్టారు. ఆయన తండ్రి చింతపల్లి కొండల్లో కాంట్రాక్టు పనులు చేసిన మనిషి. వేట చట్టబద్ధంగా సాగిన రోజుల్లో కొన్న తుపాకీ అది. తండ్రి పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదకు మారింది. ఏటా నూనె గుడ్డతో తుడవడం తప్ప ఇప్పుడు దానికి వేరే పని లేదు.

"చూడు బాబూ, దీని గురి అసలుదేనా? కొనడానికి వచ్చినాయన ముందు పూస మార్చేశారన్నాడు. సగం ధరే ఇస్తానన్నాడు. నాకు డబ్బు ముఖ్యం కాదు. నాన్న దాన్ని ఎవరి చేతా ముట్టించలేదని నా నమ్మకం."

ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలైంది. పాత వేట రైఫిల్ మీద ఉన్న గురి కార్ఖానాలో పెట్టిందా, తర్వాత ఎవరో బిగించిందా అన్నది కంటితో, వేలిగోరుతో, ఒక భూతద్దంతో చాలావరకు తేల్చుకోవచ్చు. తుపాకుల గురించి ఏమీ తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు గురి అంటే ఏమిటో చూద్దాం. గొట్టం మూతి దగ్గర పైకి లేచిన చిన్న బొడిపె ఉంటుంది. దాని కొసన పూస ఉంటే పూస, పలక ఉంటే పలక. కంటికి దగ్గరగా, గొట్టం వెనక భాగంలో ఒక గంటు ఉంటుంది, ఎక్కువగా ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో. గంటు నడుమ పూస కూర్చుని, పూస మీద లక్ష్యం కూర్చుంటే గురి కుదిరినట్టు. ఈ రెండింటి మధ్య దూరం అరవై సెంటీమీటర్లు అనుకోండి. పూస పక్కకి ఒక్క మిల్లీమీటరు జరిగితే వంద మీటర్ల దూరంలో గుండు పదహారు, పదిహేడు సెంటీమీటర్లు పక్కకి పోతుంది. కాబట్టి మంచి కార్ఖానాలో గురి పెట్టడమంటే ఇనప ముక్క అతికించడం కాదు. ఆ తుపాకీకి, ఆ తూటాకి సరిపోయేలా కాల్చి చూసి, ఆకురాయితో తగ్గించి, మళ్లీ కాల్చి చూసి ఖాయం చేసేవారు. రెండు గొట్టాల రైఫిళ్లలో రెండు గుళ్లూ ఒక దూరంలో ఒకచోటికే చేరేలా గొట్టాలనే సర్ది టంకం పెట్టేవారు. అందుకే అసలు గురికి అంత విలువ.

మన దేశపు అడవుల్లో తిరిగిన ఇంగ్లీషు వేట రైఫిళ్ల మీద ఎక్కువగా కనిపించేది ఎక్స్‌ప్రెస్ సైటు. ఒక దిమ్మ మీద మొదటి రేకు నిలువుగా స్థిరంగా ఉంటుంది. దాని ముందు ఒకటో రెండో మడత రేకులు పడుకుని ఉంటాయి, వేలితో లేపితే నిలబడతాయి. రేకుల మీద 100, 200, 300 అని చెక్కి ఉంటుంది. అవి గజాలు. గజం అంటే మూడడుగులు, 91.44 సెంటీమీటర్లు. మంచి పనితనం ఉన్నవాటిలో గంటు కింద సన్నని ప్లాటినం గీత పొదిగేవారు. మసక వెలుతురులో కన్ను దాన్ని పట్టుకుంటుంది. ముందు పూస దంతంతోనో తెల్లని లోహంతోనో చేసేవారు. కొన్నిటికి ఇంకో పెద్ద పూస మడతపెట్టి ఉంటుంది. సాయంత్రం చీకటి పడుతుంటే దాన్ని లేపేవారు. అందుకే దానికి చంద్రుడి పేరు పెట్టి మూన్ సైటు అన్నారు. చింతపల్లి నుంచి లంబసింగి వైపు, మంచు కమ్ముకున్న ఉదయం నడిచినవాళ్లకు తెల్ల పూస ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. నల్ల చెట్ల మధ్య నల్ల పూస కనబడదు.

ఇక్కడ "అసలు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చాలామంది పొరపడేది దాని దగ్గరే. రైఫిల్ చేసినవాడు, గురి చేసినవాడు ఒకడే కానక్కర్లేదు. కలకత్తాలో రాడా, మాంటన్, లయన్ అండ్ లయన్ లాంటి కంపెనీలు తమ పేరు చెక్కించి అమ్మిన రైఫిళ్లలో చాలావాటి తయారీ ఇంగ్లండులో జరిగింది. కొన్నవాడి కోరిక మీద అమ్మే ముందే గురి మార్చి ఇస్తే అది మారిన గురి అందామా? నా దృష్టిలో అది అసలుదే. మొదటి యజమాని చేతికి వచ్చిన రోజున తుపాకీ మీద ఏముందో అది అసలు. అమెరికాలోనూ ఇదే లెక్క. విలియం లైమన్ 1878లో కంపెనీ మొదలుపెట్టి, తుపాకీ మెడ మీద నిలబెట్టే చిన్న రంధ్రపు గురికి మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. తర్వాత విన్‌చెస్టర్ కార్ఖానాకి ఆర్డరిచ్చేటప్పుడే లైమన్ గురి కావాలని అడిగేవారు ఉండేవారు. అంచేత విన్‌చెస్టర్ మీద లైమన్ పేరు కనబడగానే "ఇది తర్వాత పెట్టింది" అని తీర్పు చెప్పడం తొందరపాటు. పాత విన్‌చెస్టర్ల కార్ఖానా రికార్డులు చాలావరకు వ్యోమింగ్ రాష్ట్రంలో కోడీ పట్టణపు మ్యూజియంలో ఉన్నాయి. సీరియల్ నంబరు ఇస్తే పుస్తకంలో ఉన్నది రాసి పంపుతారు. లండన్‌లో రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్ వంటి పాత కంపెనీలు కూడా తమ పద్దులు దాచుకున్నాయి.

పద్దు దొరికితే సగం పని అయినట్టే. దొరకనప్పుడు తుపాకీయే పద్దు.

పెద్దాయన రైఫిల్ దగ్గరకే వద్దాం. ఖాళీగా ఉందో లేదో ముందు ఆయన చేత బోల్టు తీయించి, గొట్టంలోంచి వెలుతురు చూశాను. ఇది ప్రతిసారీ, ఎవరు చెప్పినా చెప్పకపోయినా చేయాల్సిన పని. మౌజర్ బోల్టు, గొట్టం మీద కలకత్తా రాడా కంపెనీ పేరు. వెనక మూడు రేకుల ఎక్స్‌ప్రెస్ సైటు, ముందు చిన్న వాలు దిమ్మ మీద పూస.

మొదట వెనక సైటు. రేకుల మీది అంకెల్ని భూతద్దంతో చూశాను. చేతి ఉలితో చెక్కిన అంకె గీత మొదట్లో సన్నగా, మధ్యలో లోతుగా, కొసన మళ్లీ సన్నగా ఉంటుంది. అచ్చు పెట్టి సుత్తితో కొట్టిన అంకె అంతా ఒకే లోతు, చుట్టూ ఇనుము కొంచెం ఉబ్బి ఉంటుంది. ఇవి చెక్కినవి. గొట్టం మీద కంపెనీ పేరు కూడా అదే చేతివాటం, అవే వంపులు. ఒకే పనివాడి రాతలా ఉంది. పల్లెలో ఇంటి పట్టా కాగితం, దాని మీద సంతకం ఒకే సిరాలో ఉన్నాయా అని చూసినట్టే ఇదీ.

తర్వాత స్క్రూలు. ఆ కాలపు ఇంగ్లీషు పనివాడి స్క్రూకి గాడి చాలా సన్నం, అంచులు పదును. బిగించాక గాడులన్నీ ఒకే దిక్కుకి, గొట్టం వెంబడి నిలబడేలా సర్దేవారు. ఎవరైనా మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పితే అంచులు చిట్లుతాయి. చిట్లిన స్క్రూ అంటే విప్పారని మాత్రమే. మార్చారని కాదు. శుభ్రం చేయడానికి విప్పి మళ్లీ అదే బిగించి ఉండొచ్చు. ఈ తేడా గుర్తుంచుకోకపోతే మంచి తుపాకీకి అన్యాయం చేస్తాం. ఇంకో చిన్న కిటుకు ఉంది. మన దేశం మెట్రిక్ కొలతలకు మారింది 1956 చట్టం తర్వాత, అరవైల మొదట్లో. పాత ఇంగ్లీషు రైఫిల్ సైటులో మెట్రిక్ మర ఉన్న స్క్రూ కనిపిస్తే, అది ఆ తర్వాత ఇక్కడి బజారులోంచి వచ్చిందని అనుమానించొచ్చు. ఐరోపా ఖండపు తుపాకులకి, ముఖ్యంగా జర్మనీలో చేసిన సైట్లకి, ఈ లెక్క పనికిరాదు.

మూడోది రంగు. తుపాకీ ఇనుముకి పెట్టే నల్లని నీలం పూతని బ్లూయింగ్ అంటారు. యాభై, అరవై ఏళ్లు చేతులు తగిలి, చెమట తగిలి, ఏజెన్సీ వానలు తగిలి అది అంచుల దగ్గర పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. అసలు సైటు అయితే అదీ, గొట్టమూ కలిసి ముసలివి అవుతాయి. అంచుల్లో అరుగు ఒకే రకంగా ఉంటుంది. గొట్టం అంతా నెరిసిపోయి సైటు ఒక్కటి నల్లగా నిగనిగలాడుతుంటే అనుమానించాలి. ఇక్కడ మన కొండ వాతావరణానికి ఒక ప్రత్యేకత ఉంది. టంకం పెట్టి అతికిన దిమ్మ కింద నీరు చేరదు, ఇనుము పదిలంగా ఉంటుంది. స్క్రూతో మాత్రమే బిగించిన తర్వాతి సైటు కింద సన్నని సందు ఉండిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా చెమ్మ అందులోకి దిగి, పైకి కనబడకుండా గుంటలు గుంటలుగా తుప్పు తింటుంది. సైటు అంచు చుట్టూ ఎర్రటి సన్నని గీత కనిపిస్తే కింద అలాంటిదే ఉందని నా అనుభవం.

పెద్దాయన రైఫిల్ వెనక సైటు ఈ మూడు పరీక్షల్లోనూ నిలబడింది. ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

ముందు సైటు దగ్గరే కథ ఉంది.

పూస ఉన్న చిన్న ముక్క దిమ్మలో అడ్డంగా కోసిన గాడిలో కూర్చుంటుంది. ఆ గాడి అడుగున వెడల్పు, పైన ఇరుకు. వడ్రంగులు డ్రాయరు మూలల్లో డవ్‌టెయిల్ అని వేస్తారే, అదే. పక్కనించి కొట్టి దూరుస్తారు, పైకి లాగితే రాదు. కార్ఖానాలో కూర్చోబెట్టిన ముక్కకీ, గాడికీ మధ్య వెంట్రుక దూరదు. కాల్చి గురి ఖాయం చేశాక, ముక్క మీద నుంచి దిమ్మ మీదకి అడ్డంగా ఒక సన్నని గీత ఒకే దెబ్బతో ఉలితో కొడతారు. సగం గీత ముక్క మీద, సగం దిమ్మ మీద. అది సాక్షి గీత. ముక్క జరిగితే గీత విరుగుతుంది. ముక్క మారితే గీతలో సగం మాయమవుతుంది.

భూతద్దం పెట్టి చూస్తే ఆ దిమ్మ మీద గీత ఉంది. పూస ముక్క మీద లేదు.

ఇంకా దగ్గరగా చూశాను. దిమ్మ ఎడమ పక్కన, గాడి అంచున చిన్న నొక్కు. పంచ్ పెట్టి సుత్తితో కొడితే పడే నొక్కు. ఇలాంటి ముక్కల్ని మామూలుగా ఎడమ నుంచి కుడికి తీస్తారు, కుడి నుంచి ఎడమకి దూరుస్తారు. నొక్కు ఎడమ పక్కన ఉందంటే ఎవరో పాతదాన్ని తీశారు. గాడి అడుగున కాగితమంత పల్చని ఇత్తడి రేకు మెరిసింది. కొత్త ముక్క వదులుగా ఉంటే బిగువు కోసం వేసింది. వేలిగోరు పెట్టి రాస్తే ఆ రేకు అంచు గోటికి తగిలింది. పూస మాత్రం వెండి.

ఇంతటితో ఆగి తీర్పు ఇవ్వొచ్చు. కానీ ఒక్క సాక్ష్యం మీద ఎప్పుడూ నమ్మకం పెట్టుకోకూడదు. గీత లేకపోవడానికి వేరే కారణం ఉండొచ్చు, నొక్కు శుభ్రం చేసేటప్పుడు పడి ఉండొచ్చు. మూడు సాక్ష్యాలు ఒకే మాట చెబితేనే నిజమనుకోవాలి. ఇక్కడ గీత, నొక్కు, ఇత్తడి రేకు మూడూ ఒకటే చెబుతున్నాయి. పూస మారింది. కొనడానికి వచ్చినాయన అబద్ధం చెప్పలేదు.

తిరుగులేని సాక్ష్యం ఇంకొకటి ఉంది, ఈ రైఫిల్‌లో లేదు కాబట్టి విడిగా చెబుతాను. టెలిస్కోపు బిగించడానికి తర్వాతి కాలంలో రిసీవర్ మీద, అంటే బోల్టు కూర్చునే భాగం మీద, రంధ్రాలు తొలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇది బాగా పెరిగింది. తర్వాత టెలిస్కోపు తీసేసి రంధ్రాల్ని చిన్న స్క్రూలతో మూసి, పైన సాన పట్టి, నల్లరంగు వేస్తారు. వాలు వెలుతురులో చూస్తే గుండ్రని అంచు కనబడుతుంది. ఆ రంధ్రం కంపెనీ చెక్కిన పువ్వునో, పరీక్ష ముద్రనో, అక్షరాన్నో కోసుకుని పోయి ఉంటే వాదనే లేదు. చెక్కిన పనివాడు రంధ్రాన్ని దాటి చెక్కడు కదా. రంధ్రమే తర్వాత వచ్చింది.

అలాగే సైనిక రైఫిళ్లని వేట రైఫిళ్లుగా మార్చినవి కూడా చేతికి వస్తుంటాయి. వాటికి గుర్తు అంకెలే. వేటగాడికి మూడు వందల గజాలు దాటి పని లేదు. సైన్యపు పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వెనక సైటు మీద 200 నుంచి 2000 గజాల దాకా గీతలుంటాయి. దూరాన గుంపుగా ఉన్న శత్రువు మీద అందరూ కలిసి కాల్చడానికి అది. అంత దూరపు అంకెలున్న సైటు వేట తుపాకీ మీద ఉంటే అది ఒకప్పుడు బారకాసులో ఉన్నదని అర్థం. సైటు తీసేసి ఉంటే గొట్టం మీద దాని దిమ్మ కూర్చున్న మేర పూత తేడాగా మిగులుతుంది. మన దగ్గర పౌరులకు సైన్యపు .303 తూటా ఇవ్వకపోవడంతో .315 బోరు వేట రైఫిల్ వాడకంలోకి వచ్చింది. ఇషాపూర్ కార్ఖానా చేసిన .315 ఇప్పటికీ లైసెన్సుదారుల ఇళ్లలో కనిపిస్తుంది. 1907 ప్రాంతంలో .450 బోరు మీద పెట్టిన నిషేధం వల్ల .470, .465 పుట్టాయి. బోరు అంకె, సైటు అంకె, గొట్టం మీద చిరునామా మూడూ ఒకే కాలం చెప్పాలి. ఒకటి తప్పితే ఎక్కడో చెయ్యి పడింది.

చింతపల్లిలో ఈ చూపు ఎందుకు అవసరమంటే, ఇక్కడ పాత తుపాకీ ఏది బయటపడినా మొదట వినిపించే మాట "రంపా పితూరీ నాటిది" అనే. ఆ పితూరీలో, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయినెట్లు, 5 కత్తులు పట్టుకుపోయారు. మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు. తీసుకున్నవాటి లెక్క సీతారామరాజు స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లాడని చెబుతారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఈ చరిత్రని ప్రాణంగా చూసుకునే నేల ఇది. తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. రేపు ఎవరింటి నుంచో ఒక తుపాకీ అక్కడికి వచ్చి, అద్దాల వెనక "1922" అనే చీటీ కింద నిలబడితే, దాన్ని చూసే పిల్లలు నమ్ముతారు. దాని మీద ఎక్స్‌ప్రెస్ రేకులుంటే అది పోలీసు తుపాకీ కాదు, వేటగాడిది. మెట్రిక్ స్క్రూ ఉంటే కనీసం ఆ ముక్క 1922లో లేదు. చీటీ రాసేముందు ఇంత చూడాలి. పితూరీలో చనిపోయినవాళ్లకి మనం చేయగల మర్యాదల్లో ఇదొకటి.

ఇంట్లో పాత రైఫిల్ ఉన్నవాళ్లకి రెండు మాటలు. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణ తర్వాత వేటకి ఈ దేశంలో చోటు లేదు. పండగ పేరున అడవికెళ్లే ఆచారానికైనా అంతే. తుపాకీ మాత్రం లైసెన్సు కింద ఆస్తిగా మిగిలింది. ఆయుధ చట్టం 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషి దగ్గర రెండుకి మించి ఉండకూడదు. మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరాని పురాతన వస్తువుకి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే పనికివస్తుందో రాదో మనం తేల్చుకోకూడదు, అధికారి తేల్చాలి. ఇక ముఖ్యమైన మాట: సైటు మారిందని తెలిసిన వెంటనే పాతది వెతికి తెచ్చి బిగించకండి. అలా తెచ్చింది కూడా వేరే తుపాకీదే అవుతుంది. కొందరు ఆమ్లం పూసి కొత్త ఇనుముని ముసలిగా చేస్తారు. అలాంటి పనితో తుపాకీ మీద ఉన్న నిజమైన గుర్తులు కూడా చెరిగిపోతాయి. చింతపండు, ఇసుక కాగితం దగ్గరకు రానీయకండి. పల్చగా నూనె, పొడి గుడ్డ చాలు. సైటు ఉన్న స్థితిని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి లైసెన్సు కాగితాలతో దాచుకోండి. స్క్రూ విప్పాల్సి వస్తే లైసెన్సున్న తుపాకుల పనివాడి దగ్గరకే వెళ్లండి.

పెద్దాయనకి పూస మారిందని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అయినా చెప్పాను. గీత చూపించాను, భూతద్దం ఆయన చేతికిచ్చి రేకు అంచు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత పూస మీద వేలు పెట్టి, "ఇది వెండేనా?" అన్నారు.

"వెండే అండీ. అసలుది దంతమో తెల్ల లోహమో అయ్యుంటుంది. ఇది ఇక్కడ చేయించినట్టుంది. చాలా శుభ్రమైన పని."

ఆయన లోపలికి కేకేశారు. "ఏమే, నాన్నకి కంటికి పొర వచ్చిన ఏడాది కంసాలి ఇంటికొచ్చి రెండు రోజులు కూర్చున్నాడే, గుర్తుందా? నీ పాత మెట్టెలు ఇచ్చావు."

లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఒకటే ఇచ్చాను. రెండోది ఇంకా నా దగ్గరే ఉంది."

ఆ రెండో మెట్టె తెచ్చి మంచం మీద, రైఫిల్ పక్కన పెట్టారు. రెండిటి వెండీ ఒకేలా నల్లబడి ఉంది.